బస్తర్ ప్రజల జీవనశైలి, దీర్ఘాయుష్షు

బస్తర్ ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు దక్షిణ భాగంలో, ఇంద్రావతి, శబరి నదుల పరీవాహకంలో ఉన్న అటవీ పీఠభూమి. విస్తీర్ణంలో కేరళతో పోల్చదగిన ఈ ప్రాంతం నేడు బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణపూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా అనే ఏడు జిల్లాలుగా ఉంది. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి ఇక్కడ రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశం చెప్పుకొనేది. కోంటా, భోపాలపట్నం ప్రాంతాలలో తెలుగు నేటికీ సంత భాషగా, ఇంటి భాషగా వినిపిస్తుంది. జనాభాలో అధిక సంఖ్యాకులు గోండు శాఖలైన మురియా, మాడియా తెగల వారు, వారితో పాటు హల్బా, భత్రా, ధుర్వా, దోర్లా తెగల వారు. చిరుధాన్యాల గంజి, ఆకుకూరలు, దుంపలు, రోజంతా సాగే నడక, ముసలితనంలోనూ ఆగని పని, ఊరంతా కలిసి జరుపుకొనే పండుగలు వీరి జీవితంలో సహజంగానే ఉన్నాయి. సరిగ్గా ఇవే దీర్ఘాయుష్షుకు దోహదం చేస్తాయని గత డెబ్బై ఏళ్ల వైద్య పరిశోధన తేల్చింది. అయినప్పటికీ బస్తర్ ఉన్న రాష్ట్రం సగటు ఆయుర్దాయంలో దేశంలో అట్టడుగున ఉంది. మంచి అలవాట్లు, తక్కువ ఆయుష్షు ఒకే చోట ఎలా ఇమిడి ఉన్నాయన్నది ఈ వ్యాసపు ప్రధాన విషయం.

ఆయుర్దాయం అనే కొలత

జననకాల ఆయుర్దాయం అంటే, ఒక కాలంలో వివిధ వయసులలో నమోదవుతున్న మరణాల రేట్లే జీవితాంతం కొనసాగుతాయని భావించినప్పుడు, ఆ కాలంలో పుట్టిన శిశువు సగటున ఎన్నేళ్లు బతకవచ్చో తెలిపే అంచనా. భారత ప్రభుత్వపు నమూనా నమోదు వ్యవస్థ 2015-19 కాలానికి వేసిన లెక్కలో ఇది దేశానికి 69.7 ఏళ్లు కాగా ఛత్తీస్‌గఢ్‌కు 65.3 ఏళ్లు, ఆ పట్టికలో అంతకంటే తక్కువ ఉన్న పెద్ద రాష్ట్రం లేదు. అభయ్ బంగ్ అధ్యక్షతన ఏర్పడిన గిరిజన ఆరోగ్య నిపుణుల కమిటీ 2018లో వెలువరించిన నివేదిక దేశంలోని గిరిజనుల ఆయుర్దాయాన్ని 63.9 ఏళ్లుగా పేర్కొన్నది. మొత్తం జనాభాకు ఆ లెక్కలో వచ్చిన సంఖ్య 67.

ఈ సంఖ్యలను చూసి బస్తర్‌లో మనుషులు అరవై దాటగానే చనిపోతారని అనుకోవడం పొరపాటు. శిశు మరణాలు ఎక్కువగా ఉన్న చోట సగటు సహజంగానే కిందికి పడుతుంది: ఒక శిశువు పురిట్లో చనిపోయి మరొకరు ఎనభై ఏళ్లు బతికితే ఆ ఇద్దరి సగటు నలభై. 2020లో ప్రతి వెయ్యి జననాలకు దేశంలో 28 మంది శిశువులు ఏడాది నిండకుండా చనిపోగా ఛత్తీస్‌గఢ్‌లో 38 మంది చనిపోయారు. వేట, అటవీ సేకరణలపై బతికే పలు సమాజాల జనన మరణ వివరాలను మైకేల్ గర్వెన్, హిల్లార్డ్ కాప్లాన్ అనే మానవశాస్త్రవేత్తలు 2007లో క్రోడీకరించినప్పుడు, అక్కడ బాల్యం దాటి పెద్దవారైన మనుషులు అత్యధికంగా మరణించే వయసు 72 ఏళ్ల ప్రాంతంలో ఉన్నట్లు తేలింది. ఆధునిక వైద్యం లేని చోట కూడా మనిషి శరీరం ఏడు దశాబ్దాలు పనిచేయగలదు. అంతవరకు చేరనివ్వని కారణాలే సగటును నిర్ణయిస్తాయి.

అడవులలో, కొండలలో నూరేళ్లు దాటినవారు విరివిగా ఉంటారన్న మాటను కూడా ఇక్కడే పరిశీలించాలి. 1970 దశకంలో ఈక్వెడార్‌లోని విల్కబాంబా లోయ, పాకిస్తాన్‌లోని హుంజా, కాకసస్ పర్వతాలు శతాధికుల నిలయాలుగా ప్రపంచ ప్రసిద్ధి పొందాయి. 1979 నాటికి మజెస్, ఫోర్మన్ అనే పరిశోధకులు విల్కబాంబా చర్చి రికార్డులను సరిచూసి, అక్కడి వృద్ధులు డెబ్బై ఏళ్లు దాటినప్పటి నుంచి తమ వయసును పెంచి చెబుతూ వచ్చారని రుజువు చేశారు. సార్డీనియా, ఒకినావా వంటి దీర్ఘాయు ప్రాంతాల లెక్కల పైనా ఇటీవల సాల్ న్యూమన్ వంటి పరిశోధకులు ఇటువంటి ప్రశ్నలే లేవనెత్తారు. బస్తర్ పల్లెలలో పాత తరానికి జనన ధ్రువపత్రాలు లేవు. వయసును కరువులతో, తిరుగుబాట్లతో, రాజుల మరణాలతో ముడిపెట్టి చెప్పుకొంటారు. కాబట్టి ఫలానా ఊళ్లో నూట పదేళ్ల వృద్ధుడు ఉన్నాడన్న వార్తను ఆధారంగా స్వీకరించలేము.

ఆహారం

బస్తర్ భోజనానికి మూలాధారం పేజ్, అంటే పలుచని గంజి. రాగిపిండిని రాత్రి నీళ్లలో నానబెట్టి పులియనిచ్చి, మరునాడు నూకలతో కలిపి కాచే మాండియా పేజ్ ఎండాకాలమంతా దాహానికీ ఆకలికీ ఒకటే మందు. సొరకాయ బుర్రలో నింపుకొని పొలానికి, అడవికి, సంతకు మోసుకుపోతారు. రాయలసీమ సంగటికీ తెలంగాణ అంబలికీ ఇది దగ్గరి బంధువే. జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదులో రూపొందించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉండగా, పాలిష్ పట్టిన బియ్యంలో 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. పాలు పిండే అలవాటు తక్కువగా ఉన్న తెగలలో ఎముకలకు కావలసిన సున్నం ప్రధానంగా రాగుల నుంచి, ఆకుకూరల నుంచి వస్తున్నది. ధాన్యాలలోని ఫైటేట్ అనే పదార్థం ఇనుము, జింకులను పట్టుకుని ఒంటికి అందనీయదు. పులియబెట్టినప్పుడు అది కొంత విరిగిపోతుంది గనుక రాత్రంతా నానబెట్టే పద్ధతికి శాస్త్రీయమైన సమర్థన ఉంది.

కొండవాలు పొలాలలో కోస్రా అని పిలిచే సామలు, కోదో అని పిలిచే అరికలు, ఉలవలు, వలిసెలు పండుతాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తల నాయకత్వంలో 2021లో వెలువడిన సమీక్ష ఒకటి, ప్రపంచవ్యాప్తంగా జరిగిన పదుల కొద్దీ అధ్యయనాలను కలిపి పరిశీలించి, చిరుధాన్యాల సగటు గ్లైసీమిక్ సూచి 53 దరిదాపున ఉన్నదనీ, మధుమేహ రోగులలో వీటి వాడకం పరగడుపు చక్కెరను సుమారు 12 శాతం తగ్గించిందనీ లెక్కగట్టింది. గ్లైసీమిక్ సూచి అంటే ఒక ఆహారం రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో తెలిపే కొలత. 55 లోపు ఉంటే నెమ్మదైన ఆహారంగా పరిగణిస్తారు. అయితే చిరుధాన్యమంతా అమృతమన్న ప్రచారానికి లొంగిపోనక్కరలేదు. తడిసిన అరికలకు పట్టే బూజు సైక్లోపియాజోనిక్ ఆమ్లం అనే విషాన్ని తయారుచేస్తుంది. 2024 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్ అడవిలో పది ఏనుగులు చనిపోవడానికి అటువంటి అరిక పైరే కారణమని పరీక్షలలో తేలింది. అరికలు తిన్నాక ఒక్కోసారి తల తిరుగుతుందన్న సంగతి ఆ పంట వేసే రైతులకు కొత్త కాదు.

పొలం ఇచ్చేదానికి అడవి ఇచ్చేది తోడవుతుంది. తొలకరి జల్లులకు గుగ్గిలం చెట్ల వేళ్ల దగ్గర నేలలో పుట్టే బోడా అనే పుట్టగొడుగు, వర్షాకాలపు వెదురు కొమ్ములు, అడవి దుంపలు, ఎన్నో రకాల ఆకుకూరలు, చింతపండు, మొర్రిపండ్లు, తునికిపండ్లు ఋతువును బట్టి పళ్లెంలోకి వస్తాయి. ఇప్పపూలను ఎండబెట్టి ఉడికించి తినడం కరువు నెలలలో ప్రాణం నిలిపిన అలవాటు; ఇప్పగింజల నూనెను వంటకు వాడతారు. చెట్ల ఆకులను కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలను గుడ్లతో సహా మిరపకాయలు, ఉప్పు కలిపి నూరి చేసే చాప్డా పచ్చడి బస్తర్‌కు పేరు తెచ్చింది. దానిలో మాంసకృత్తులు ఉన్నమాట నిజం. జ్వరాన్ని తగ్గిస్తుందన్న నమ్మకానికి మాత్రం రోగులపై జరిపిన పరీక్షల బలం లేదు. ఆహారంలో ఎన్ని రకాలుంటే పోషక లోపాలు అంత తగ్గుతాయన్నది పోషకాహార శాస్త్రంలో గట్టిపడిన సూత్రం కాబట్టి, ఈ భోజనపు అసలు విలువ ఏ ఒక్క వింత పదార్థంలోనూ లేక దాని వైవిధ్యంలో ఉంది.

నాణ్యత ఉన్నా పరిమాణం చాలకపోవడం ఈ భోజనపు పెద్ద లోపం. 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో అయిదేళ్ల లోపు పిల్లలలో 34.6 శాతం మంది వయసుకు తగిన ఎత్తు పెరగలేదు. మహిళలలో సుమారు 61 శాతం, పిల్లలలో 67 శాతం రక్తహీనులు. ఆహార వైవిధ్యాన్ని కొనియాడేవారు ఈ సంఖ్యలను పక్కన పెట్టుకుని మాట్లాడటం న్యాయం.

శ్రమ, ఉప్పు, రక్తపోటు

శారీరక శ్రమకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని తొలిసారి గట్టిగా చూపింది జెరెమీ మోరిస్ 1953లో ప్రకటించిన లండన్ బస్సుల అధ్యయనం: రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెపోట్లు తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి శ్రమను సూచించింది. వేకువన ఇప్పపూలు ఏరడం, మే నెల ఎండలో తునికాకు కోసి కట్టలు కట్టడం, కావడితో నీళ్లు, కట్టెలు మోయడం, వారపు సంతకు కొండలు దాటి నడిచి వెళ్లడం నిత్యకృత్యమైన బస్తర్ స్త్రీకి ఆ లక్ష్యం రెండు రోజులలోనే పూర్తవుతుంది. బస్తర్‌లో వృద్ధులకు పదవీ విరమణ అన్నది లేదు. చూపు ఆనినంత కాలం బుట్టలల్లుతారు, పశువులు కాస్తారు, గింజలు ఒలుస్తారు.

ఇటువంటి జీవితం గుండెకు ఏం చేస్తుందో చూపే ఉత్తమ అధ్యయనం బొలీవియా అడవులలోని త్సిమానే తెగపై జరిగి 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. నలభై ఏళ్లు దాటిన 705 మందిని స్కాన్ చేయగా, వారిలో 85 శాతం మందికి గుండె ధమనులలో సున్నం పేరుకోలేదు. ఎనభై ఏళ్ల త్సిమానే రక్తనాళాలు యాభై దాటిన అమెరికన్ రక్తనాళాలతో సమానంగా ఉన్నాయి. వారి ఆహారంలో నాలుగింట మూడు వంతుల దాకా పిండిపదార్థాలే కావడం గమనించదగినది. అయితే ఆ తెగలోనూ అంటువ్యాధులు, పురుగుల బాధ ఎక్కువ, సగటు ఆయుర్దాయం తక్కువ. బస్తర్ స్థితిని అర్థం చేసుకోవడానికి మధ్యధరా సముద్ర తీరపు దీర్ఘాయు గ్రామాల కంటే ఈ ఉదాహరణ ఎక్కువ పనికివస్తుంది.

ఉప్పు విషయంలో బస్తర్‌కు ఒక చేదు చరిత్ర ఉంది. సముద్రానికి దూరమైన ఈ ప్రాంతంలో ఉప్పు అరుదైన సరుకు కావడం వల్ల, బయటి వర్తకులు సంతలలో ఉప్పు ఇచ్చి దానికి బదులుగా ఎన్నో రెట్లు విలువైన సారపప్పును తూచి తీసుకుపోయేవారు. ఆ దోపిడీ నిందించదగినదే అయినా, ఉప్పు తక్కువగా తినడం రక్తనాళాలకు మేలు చేసి ఉంటుంది: 1988లో ప్రచురితమైన ఇంటర్‌సాల్ట్ అధ్యయనం 32 దేశాలలోని 52 జనసమూహాలను పరిశీలించి, ఉప్పు దాదాపు తినని అమెజాన్ యానోమామి తెగలో వయసుతో పాటు రక్తపోటు పెరగడం లేదని చూపింది. నేడు రేషను దుకాణంలో పేద కుటుంబాలకు అయోడిన్ ఉప్పు ఉచితంగా దొరుకుతున్నది. అయోడిన్ లోపంతో వచ్చే గొంతువాపును అది అరికడుతుంది గనుక దానిని తప్పుపట్టరాదు. కాని గిరిజనులకు రక్తపోటు రాదన్న పాత అభిప్రాయం మాత్రం చెల్లదు. జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంస్థ తొమ్మిది రాష్ట్రాల గిరిజన ప్రాంతాలలో జరిపిన సర్వేలో పెద్దలలో నాలుగింట ఒక వంతు మందికి పైగా అధిక రక్తపోటు కనిపించింది, వారిలో చాలామందికి ఆ సంగతి అప్పటివరకు తెలియదు.

కల్లు, సారా, పొగాకు

బస్తర్ సల్ఫీ తెలుగువారి జీలుగు కల్లే. పెరట్లో నాలుగు సల్ఫీ చెట్లున్న ఇల్లు కలిగిన ఇల్లు. పెళ్లి సంబంధాలలోనూ వాటిని లెక్కలోకి తీసుకుంటారు. అప్పుడే దించిన కల్లు తియ్యగా ఉండి, పొద్దెక్కిన కొద్దీ పులిసి మత్తెక్కుతుంది. బియ్యం పులియబెట్టి చేసే లాందా, ఇప్పపూలను బట్టీ పట్టి దించే సారా కూడా వాడుకలో ఉన్నాయి. కల్లు, లాందాలలో మద్యసారం పాలు తక్కువ, సారాలో చాలా ఎక్కువ; వైద్య దృష్టిలో ఈ తేడా చాలా ముఖ్యం. దేవుడికి ధారపోయడం నుంచి చావు తంతు దాకా ప్రతి సందర్భంలో మద్యం భాగమైనందున దానిని కేవలం వ్యసనంగా చూడటం ఆ సమాజాన్ని సరిగా చూడకపోవడమే. అయినా దాని కీడు కొత్తగా కనిపెట్టినదేమీ కాదు: మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1943లో ప్రచురించిన మాడియా హత్యలు, ఆత్మహత్యల అధ్యయనంలో నూరు హత్య కేసులను పరిశీలించి, తాగిన మైకంలో జరిగిన కొట్లాటలను ముఖ్య కారణాలలో ఒకటిగా చర్చించాడు. మితంగా తాగితే గుండెకు మంచిదన్న వాదం కూడా ఇటీవలి పెద్ద విశ్లేషణలలో నిలబడలేదు.

పొగాకు సంగతి మరీ స్పష్టం. మురియా యువకులు కొయ్యతో చెక్కిన పొగాకు డబ్బీలు మ్యూజియంలకెక్కిన కళాఖండాలు. కాని పొగాకును, బెల్లపు మడ్డిని కలిపి చేసిన గుడాఖు అనే ముద్దతో పళ్లు తోముకోవడం రాష్ట్రమంతటా స్త్రీలలోనూ ఉన్న అలవాటు. అయిదవ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఛత్తీస్‌గఢ్ పురుషులలో 43 శాతం, స్త్రీలలో 17 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. 1951లో మొదలైన బ్రిటిష్ డాక్టర్ల అధ్యయనం యాభై ఏళ్ల తరువాత 2004లో ఇచ్చిన తీర్పు ప్రకారం సిగరెట్టు అలవాటు ఆయుష్షులో సుమారు పదేళ్లను తినేస్తుంది. ముప్పయ్యో ఏట మానినవారు ఆ పదేళ్లనూ దాదాపు తిరిగి పొందుతారు, అరవైలో మానినా మూడేళ్లు మిగులుతాయి. నమలడం, పళ్లకు రాయడం వల్ల నోటి క్యాన్సరు ముప్పు తోడవుతుంది. సాంప్రదాయిక జీవనమంతా ఆరోగ్యకరమని గుత్తగా మెచ్చుకునేవారికి ఈ ఒక్క అలవాటు చాలిన సమాధానం.

సాంగత్యం, చదువు

మురియాల ఘోటుల్, అంటే పెళ్లికాని యువతీయువకులు సాయంత్రాలు కూడి ఆడిపాడి పనులు నేర్చుకునే ఊరుమ్మడి ఇల్లు, ఎల్విన్ 1947 నాటి గ్రంథంతో ప్రపంచానికి తెలిసింది. బయటివారు దానిలోని లైంగిక స్వేచ్ఛనే చూశారు. జనారోగ్య దృష్టిలో చూడవలసింది అది పెంచిన బంధుత్వాల అల్లికను. పొలం పనికి, ఇల్లు కట్టడానికి, చావుకు ఊరు కదిలి రావడం అక్కడ మొదలైన అలవాటే. జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 2010లో 148 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, బలమైన సామాజిక సంబంధాలున్నవారికి ఆయా అధ్యయన కాలంలో బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువగా ఉన్నట్లు తేలింది. గాయతా, సిర్హా, గునియా వంటి పూజారి, వైద్య పాత్రలలో వృద్ధులకు దక్కే గౌరవాన్ని కూడా ఈ లెక్కలోనే చేర్చాలి. నారాయణపూర్ ప్రాంతపు వనమూలికా వైద్యుడు హేమచంద్ మాంఝీకి 2024లో పద్మశ్రీ ప్రకటించారు.

మరొక వృద్ధుని పేరు కూడా ఇక్కడ చెప్పుకోవలసి ఉంది. వినోబా భావే శిష్యుడైన ధరమ్‌పాల్ సైనీ 1976లో బస్తర్ వచ్చి, డిమ్రాపాల్‌లో మాతా రుక్మిణీ ఆశ్రమం స్థాపించి గిరిజన బాలికలకు చదువు, ఆటలు నేర్పారు; 1992లో పద్మశ్రీ పొందిన ఆయన 2021 ఏప్రిల్‌లో తొంభై ఏళ్లు దాటిన వయసులో అడవిలోకి వెళ్లి, మావోయిస్టుల చెరలో ఉన్న సీఆర్‌పీఎఫ్ జవాను విడుదలకు మధ్యవర్తిగా నిలిచారు. ఒక మనిషి ఆయుష్షు ఏ సిద్ధాంతాన్నీ రుజువు చేయదు. ఆయన ఎంచుకున్న పనికి మాత్రం ఆయుష్షుతో రుజువైన సంబంధం ఉంది. చదువులో అదనంగా గడిపిన ప్రతి ఏడాదీ పెద్దల మరణ ముప్పును సుమారు 2 శాతం తగ్గిస్తుందని 2024లో వెలువడిన అంతర్జాతీయ విశ్లేషణ చూపింది. తల్లి చదువు పిల్లల బతుకును కాపాడుతుందన్నది అంతకు ఎంతో ముందే స్థిరపడిన విషయం.

ఈ అలవాట్లతో పోలిస్తే ఆయుష్షులో వంశపారంపర్యం పాత్ర అనుకున్నంత పెద్దది కాదు. డెన్మార్క్ కవలలపై 1996లో ప్రకటించిన అధ్యయనం ఆయుష్షులోని తేడాలలో నాలుగో వంతు మాత్రమే జన్యువులకు చెందుతుందని అంచనా వేసింది.

అకాల మరణాలకు కారణాలు

అమెరికాలో లక్షకు పైగా ఉద్యోగులపై దశాబ్దాల పాటు జరిగి 2018లో ప్రచురితమైన అధ్యయనంలో, పొగతాగకపోవడం, తగిన బరువు, రోజువారీ వ్యాయామం, మంచి ఆహారం, మద్యంలో మితం అనే అయిదు అలవాట్లూ ఉన్నవారు, ఏ ఒక్కటీ లేనివారి కంటే యాభయ్యో ఏటి తరువాత పన్నెండు నుంచి పద్నాలుగేళ్లు ఎక్కువ బతుకుతారని తేలింది. ఆ లెక్క యాభయ్యో ఏటికి చేరినవారికి వర్తిస్తుంది. బస్తర్‌లో అసలు పోరాటం అంతకు ముందే జరుగుతుంది.

అన్నిటికంటే ముందు మలేరియా. దేశ జనాభాలో 8.6 శాతమైన గిరిజనులలో దేశపు మలేరియా కేసులలో సుమారు 30 శాతం, మలేరియా మరణాలలో సగం దాకా సంభవిస్తున్నాయని 2018 నాటి కమిటీ నివేదిక చెప్పింది. బస్తర్‌లో మెదడుకు పాకే ఫాల్సిపేరమ్ రకం ప్రబలంగా ఉంటుంది. 2020 జనవరిలో మొదలైన మలేరియా రహిత బస్తర్ ఉద్యమంలో ఆరోగ్య కార్యకర్తలు జ్వరం ఉన్నా లేకున్నా ఇంటింటా అందరికీ రక్తపరీక్ష చేసి, రోగక్రిమి కనిపించినవారికి అక్కడికక్కడే మందు మింగించారు. తొలి విడతలో పరీక్షించిన సుమారు 14 లక్షల మందిలో 64 వేలకు పైగా మందికి క్రిమి ఉన్నట్లు తేలగా, వారిలో సగానికి పైగా మందికి ఏ లక్షణమూ లేదు. ఒంట్లో క్రిమి ఉండి పైకి ఆరోగ్యంగా కనిపించే ఈ స్థితి రక్తాన్ని నెమ్మదిగా పలుచబరుస్తుంది, దోమ ద్వారా ఇతరులకు వ్యాధిని చేరవేస్తూ ఉంటుంది. తొలి విడతలో 4.6 శాతంగా ఉన్న క్రిమి ఉనికి తరువాతి విడతలలో ఒక శాతం లోపుకు దిగింది.

మలేరియాతో వేల ఏళ్ల సహవాసం రక్తంలోనూ ముద్ర వేసింది. సికిల్ సెల్ జన్యువు ఒక్కరి నుంచే సంక్రమిస్తే మలేరియా నుంచి కొంత రక్షణ ఇస్తుందని ఆంథొనీ అల్లిసన్ 1954లో చూపాడు. తల్లిదండ్రులిద్దరి నుంచీ సంక్రమిస్తే ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి వంగి, నొప్పులతో, రక్తహీనతతో ఆయుష్షును హరిస్తాయి. మధ్య భారతంలోని గోండులలో ఈ జన్యువు ఎక్కువ. ఈ వ్యాధి నిర్మూలనకు 2023 జూలైలో ఆరంభించిన జాతీయ కార్యక్రమం 2047ను గడువుగా పెట్టుకుంది.

క్షయ విషయంలో ఆధారం ఆహారం దగ్గరికే తిరిగి వస్తుంది. బిలాస్‌పూర్ దగ్గరి గనియారీలో 1999 నుంచి పనిచేస్తున్న జన స్వాస్థ్య సహయోగ్ వైద్యులు 2004-09 మధ్య తమ దగ్గరికి వచ్చిన 1,695 మంది క్షయ రోగుల బరువు చూస్తే, పురుషుల మధ్యస్థ బరువు 42.1 కిలోలు, స్త్రీలది 34.1 కిలోలు. ఈ పరిశోధన పరంపరలోనే అనురాగ్ భార్గవ బృందం ఝార్ఖండ్‌లో జరిపి 2023లో ప్రకటించిన పరీక్షలో, రోగి కుటుంబసభ్యులకు నెలనెలా ఆహార దినుసులు అందించినప్పుడు వారిలో కొత్తగా క్షయ సోకడం 39 శాతం తగ్గింది. చాలినంత తిండి ప్రాణాంతక వ్యాధిని ఆపగలదనడానికి ఇది సూటి రుజువు.

వీటికి కట్టెపొయ్యి పొగ తోడవుతుంది. శుభ్రమైన వంట ఇంధనం వాడే ఇళ్లు రాష్ట్రంలో మూడో వంతు మాత్రమేనని అయిదవ సర్వే తేల్చింది.

వైద్యం అందే దారులు

2002లో ఛత్తీస్‌గఢ్ ప్రతి పారాకు, అంటే ఊరిలోని ప్రతి వాడకు ఒక స్త్రీని ఎంచి మితానిన్ పేరుతో ఆరోగ్య కార్యకర్తగా తీర్చిదిద్దింది. దేశమంతటా నేడున్న ఆశా వ్యవస్థకు 2005లో ఇదే నమూనా అయింది. 2019 అక్టోబరులో మొదలైన హాట్ బజార్ క్లినిక్ పథకం వారపు సంతలోనే వైద్యుణ్ణి కూర్చోబెట్టింది. వారానికొకసారి ఎలాగూ నడిచి వచ్చే చోటే రక్తపోటు, చక్కెర పరీక్షలు జరగడం ప్రజల అలవాటుకు పథకాన్ని అమర్చిన మంచి ఆలోచన. నారాయణపూర్‌లో 1985 నుంచి రామకృష్ణ మిషన్ ఆశ్రమం ఆసుపత్రిని, పాఠశాలలను నడుపుతున్నది. బస్తర్ ముఖ్యపట్టణమైన జగదల్‌పూర్‌లో 2006లో వైద్య కళాశాల ఏర్పడింది.

దక్షిణ అంచున ఉన్న కోంటా, భోపాలపట్నం ప్రజలకు మాత్రం జగదల్‌పూర్ కంటే గోదావరి తీరమే దగ్గర. అక్కడి రోగులు భద్రాచలం ఏరియా ఆసుపత్రికి, ఇంకా పెద్ద జబ్బయితే వరంగల్లుకు వస్తారు. 2005 తరువాత మావోయిస్టులకూ వారికి వ్యతిరేకంగా ఏర్పడిన సల్వా జుడుం దళాలకూ నడుమ జరిగిన హింసలో ఊళ్లు విడిచి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అడవులకు తరలివచ్చి గుత్తికోయలుగా పేరుపడిన గిరిజనులు తమ గంజిని, కల్లును, నడకను వెంట తెచ్చుకోగలిగారు. భూమి హక్కును, కుల ధ్రువపత్రాన్ని తెచ్చుకోలేకపోయారు. అలవాట్లు ఎంత మంచివైనా, అవి ఫలించడానికి నిలకడగా బతకగల చోటు ఉండాలని వారి స్థితి తెలుపుతున్నది.

మారుతున్న అలవాట్లు

2012 డిసెంబరులో ఛత్తీస్‌గఢ్ ఆహార భద్రతా చట్టం చేసింది. పేద కుటుంబానికి నెలకు 35 కిలోల బియ్యం దాదాపు ఉచితంగా అందడం వల్ల వానాకాలపు ఆకలి చాలావరకు తగ్గింది. బస్తర్‌లో ప్రత్యేకంగా శనగలు, రక్తహీనత నివారణకు బెల్లం కూడా చవకగా ఇస్తున్నారు. అదే సమయంలో రాగి, సామ పొలాలు తగ్గాయి, గంజిలో బియ్యపు పాలు పెరిగింది. దీనిని సరిదిద్దడానికి 2021లో రాష్ట్రం మిల్లెట్ మిషన్ ప్రారంభించి, కోదో, సామలను క్వింటాలుకు 3,000 రూపాయల చొప్పున కొనుగోలు చేసింది. పండించినవాడు చిరుధాన్యం అమ్మి, రేషను బియ్యం తిని, పట్టణంలోని మధుమేహ రోగి ఆ చిరుధాన్యం కొనుక్కోవడం ఈ పథకంలోని విడ్డూరం. సల్ఫీ చెట్లకు ఫ్యుసేరియం అనే శిలీంధ్రం వల్ల ఎండుతెగులు సోకుతున్నది. చెట్టు పోయిన చోట కల్లు తాగేవారు సారాకు, దుకాణపు మద్యానికి మారితే ఆరోగ్యానికి జరిగే నష్టం ఇంకా పెరుగుతుంది.

నడక స్థానంలో మోటారు సైకిలు, ఆకుకూర స్థానంలో సంతలో వేలాడే చిప్స్ పొట్లం వస్తున్న ఈ దశలో బస్తర్ వైద్యులు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. బాల్యంలో అర్ధాకలితో పెరిగిన శరీరానికి ఇన్సులిన్ తయారుచేసే శక్తి తక్కువగా ఉండి, సన్నగా ఉన్నప్పుడే మధుమేహం రావచ్చు. పోషకాహార లోపంతో ముడిపడిన ఈ రకాన్ని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2025లో అయిదవ రకం మధుమేహంగా గుర్తించింది. లావుగా ఉన్నవారినే అనుమానించే పరీక్షా పద్ధతి ఇక్కడ పనికిరాదు. సంత క్లినిక్కుకు వచ్చే ముప్పై ఏళ్లు దాటిన ప్రతి వ్యక్తికీ, ఎంత బక్కపలుచగా ఉన్నా, రక్తపోటుతో పాటు చక్కెర కూడా పరీక్షించవలసిందే.